పాకాల దగ్గర మూడెకరాల ఇరవై సెంట్ల కంపనేల కొన్నాం: తక్కువ ఖర్చులో ఎలా బాగుచేసుకోవాలి?

కొత్తనేల (తిరుపతి) · ఫిబ్రవరి 11

అందరికీ నమస్కారం. పాకాల నుంచి ఎనిమిది కిలోమీటర్ల దూరంలో, కొండ పాదంలో మూడెకరాల ఇరవై సెంట్లు కొన్నాం. మా ఆయనా నేనూ తిరుపతిలో ఉద్యోగాలు చేసుకుంటున్నాం. పదకొండేళ్లు కూడబెట్టినదంతా భూమికే సరిపోయింది. చేతిలో మిగిలింది 2,40,000 రూపాయలు. ఈ డబ్బుతోనే నేల బాగుచేసుకోవాలి, అప్పు చేయకూడదని గట్టిగా అనుకున్నాం.

ఇరవై ఏళ్లుగా అక్కడ సాగు లేదు. ముందు సగమంతా సీమతుమ్మ. లోపలికి పది అడుగులు వేస్తే వెనక వస్తున్న మనిషి కనిపించడు. కొండవైపు సగంలో వేప, కానుగ, రేగు, పరికి కంప, రెండు పెద్ద చింతమాన్లు ఉన్నాయి. మధ్యలో చిన్న వంక ఒకటి, ఇప్పుడు ఎండిపోయి ఉంది. ఈశాన్య మూలలో ఒక వేపచెట్టు కింద పసుపు పూసిన రాళ్లు ఏడు కనిపించాయి. బావి లేదు, బోరు లేదు, కరెంటు లేదు.

ఊళ్లో ఒకాయన జేసీబీ పెట్టి నాలుగు రోజుల్లో మొత్తం అద్దంలా చేసి ఇస్తానన్నాడు. లక్షా ఎనభై వేలు అడిగాడు. మా ఆయనకు ఆ మాట నచ్చింది. నాకు మాత్రం మనసు ఒప్పడం లేదు. ఎందుకో సరిగా చెప్పలేకపోతున్నాను. అనుభవం ఉన్నవాళ్లు దారి చూపించండి.

ఇరాల_తోట · ఫిబ్రవరి 11

అమ్మా, మీ ఆయన చెప్పిందే నయం. నేను నాలుగున్నర ఎకరాల కంపను ఐదు రోజుల్లో తీయించి అదే ఏడాది మామిడి పెట్టాను. కూలీలతో కొట్టిస్తే నెలలు పడుతుంది. ఈ చివర కొట్టేలోపు ఆ చివర మళ్లీ చిగురిస్తుంది. ధర మాత్రం బేరం ఆడండి, గంటల లెక్కన మాట్లాడుకోండి. గుత్తకు ఇస్తే మోసపోతారు.

గొలుసుకొలత (చిత్తూరు) · ఫిబ్రవరి 12

ముప్పై రెండేళ్లు సర్వే పనిలో ఉండి పదవీ విరమణ చేశాను. జేసీబీ మాట పక్కన పెట్టండి. అమ్మా, మీ హద్దులు మీకు తెలుసా? అమ్మినాయన చెయ్యి చాపి "ఆ చెట్టు నుంచి ఈ బండ దాకా" అని చూపించి ఉంటాడు. ఇరవై ఏళ్లు కంప పెరిగిన నేలలో ఆ చెయ్యి చూపును నమ్మకండి.

మన చిత్తూరు జిల్లా 1911లో ఏర్పడింది. అంతకుముందు మీ పాకాల ప్రాంతం ఉత్తర ఆర్కాటులో ఉండేది. అందుకే మన గ్రామాలకు మద్రాసు పద్ధతిలో గీసిన ఎఫ్‌ఎంబీ పటాలు ఉన్నాయి. ప్రతి సర్వే నంబరుకు పటం, మూల నుంచి మూలకు కొలత, వంకర ఉన్నచోట పక్కకు తీసిన కొలత, అన్నీ అందులో ఉంటాయి. పాత కొలతలు గొలుసుల్లో ఉంటాయి. ఒక గొలుసు 66 అడుగులు, అందులో 100 లింకులు. పది చదరపు గొలుసులు ఒక ఎకరా. అంటే మీ నేల 32 చదరపు గొలుసులు రావాలి. ఆ లెక్క తేలాలంటే కంప మధ్య నుంచి సూటిగా చూపు వెళ్లాలి. కనుక మొదట కొట్టవలసింది పొలం కాదు, హద్దు వెంబడి నాలుగడుగుల వెడల్పు దారి మాత్రమే. ఇద్దరు మనుషులు మచ్చుకత్తులతో నాలుగైదు రోజుల్లో తీసేస్తారు.

కాగితాల్లో మూడు చూడండి. మొదటిది, మీది పట్టా భూమా, డీకేటీయా? మన వైపు కొండ కింది నేలల్లో డీకేటీ ఎక్కువ. ప్రభుత్వం పేదలకు ఇచ్చిన ఆ భూముల అమ్మకాన్ని 1977 చట్టం నిషేధించింది. తర్వాత సడలింపులు వచ్చినా షరతులున్నాయి. రెండోది, ఆ సర్వే నంబరు 22ఎ నిషేధిత జాబితాలో, అంటే రిజిస్ట్రేషన్ చేయకూడని భూముల జాబితాలో, ఉందేమో చూడండి. మూడోది, కొండవైపు హద్దు రిజర్వు అడవికి ఆనుకుని ఉందా? ఆనుకుని ఉంటే అటవీ శాఖ పేర్చిన రాతి కుప్పలు ఎక్కడో ఉంటాయి. వాటికి అవతల ఒక్క కొమ్మ కొట్టినా కేసు మీ మీదకు వస్తుంది. జేసీబీ నడిపేవాడికి అటవీ హద్దు తెలియదు. అడిగితే మీ పేరు చెప్పి వెళ్లిపోతాడు.

ఇంకొక మాట. వంక పటంలో పోరంబోకుగా ఉందేమో చూసుకోండి. ఉంటే అది మీది కాదు, పూడ్చకూడదు.

శేషాచలం_నీడ · ఫిబ్రవరి 12

పైన సర్వేయరు గారు చెప్పినదానికి తోడుగా చెట్ల సంగతి చెప్తాను. సొంత పట్టా భూమిలోని చెట్టయినా ఇష్టం వచ్చినట్లు కొట్టడానికి లేదు. 2002 నాటి వాల్టా (నీరు, భూమి, చెట్ల) చట్టం కింద అనుమతి తీసుకోవాలి. సీమతుమ్మకు మా దగ్గర ఎవరూ అడ్డు చెప్పలేదు. చింత, వేప లాంటివి కొట్టాలంటే మాత్రం కాగితం పెట్టుకోవాలి. అసలు వాటిని కొట్టే ఆలోచనే వద్దు. ఆ రెండు చింతమాన్లు మీరు కొన్న భూమిలో వడ్డీలాంటివి.

కొండవైపు సగంలో ఎర్రచందనం మొక్కలు ఉన్నాయేమో జాగ్రత్తగా చూడండి. శేషాచలం, వెలిగొండ, పాలకొండ, లంకమల కొండల చుట్టూ తప్ప ప్రపంచంలో ఇంకెక్కడా ఇది సహజంగా పెరగదు. గాలికి విత్తనం మీ నేలలోకి వచ్చి ఉండవచ్చు. గుర్తుపట్టడం తేలిక. ఒక్కో కాడకు సాధారణంగా మూడు ఆకులు, గుండ్రంగా ఉంటాయి. అదే కుటుంబంలోని వేగి చెట్టుకు అయిదు, ఏడు ఆకులుంటాయి. కాయ రూపాయి బిళ్లలా గుండ్రంగా, చుట్టూ పలచటి రెక్కతో ఉంటుంది. ముదిరిన చెట్టు బెరడు నల్లగా, మొసలి వీపులా పలకలు పలకలుగా పగిలి ఉంటుంది. కనిపిస్తే ఫొటో తీసి దగ్గరలోని అటవీ రేంజి కార్యాలయంలో చెప్పి రాయించుకోండి. కొట్టడానికీ తరలించడానికీ అనుమతి తప్పనిసరి. 1995 నుంచి అంతర్జాతీయ వ్యాపారం మీద కూడా నియంత్రణ ఉంది. తెలియక యంత్రంతో పెకిలించినా "తెలియదు" అనే మాట చెల్లదు.

కొత్తనేల · ఫిబ్రవరి 23

సర్వేయరు గారూ, మీకు ఎన్ని నమస్కారాలు పెట్టినా తక్కువే. పటం తీయించాం. పట్టా భూమే, 22ఎ జాబితాలో లేదు. హద్దు దారి కొట్టించి కొలిపిస్తే కొండవైపు మాకు చూపించిన గట్టు పదిహేడు అడుగులు అవతల ఉంది. ఆ పదిహేడు అడుగులు రిజర్వు అడవి! రాతి కుప్ప పరికి కంప కింద కప్పబడి ఉంది. మా ఆయన దాని మీద చెయ్యి పెట్టి చాలాసేపు అలాగే నిలబడిపోయారు. తూర్పువైపు మాత్రం మా నేల మేము అనుకున్నదానికంటే ఎక్కువే వచ్చింది. మొత్తం మీద ఒక్క సెంటే తగ్గింది.

మూడాకుల మొక్కలు నాలుగు ఉన్నాయి. మోకాలెత్తు. వాటి చుట్టూ రాళ్లు పేర్చి వచ్చాం. జేసీబీ ఆయనకు ఇప్పుడు కాదని చెప్పేశాం.

ఇక సీమతుమ్మ సంగతి చెప్పండి.

చింతమాను (వెదురుకుప్పం) · ఫిబ్రవరి 24

సీమతుమ్మతో ఇరవై ఏళ్లుగా పోరాడుతున్నవాడిని. దీన్ని 1870ల్లో మన పక్కనే, కడప జిల్లా కమలాపురంలో వంటచెరకు కోసం తెచ్చి నాటారు. ఆ రోజు మంచి ఉద్దేశంతో చేసిన పని ఇప్పుడు మన చెరువుల్ని, బీళ్లను మింగేస్తోంది.

ముందు డబ్బు వచ్చే మాట చెప్తాను. సీమతుమ్మ కట్టెకు గిరాకీ ఉంది. బొగ్గు కాల్చేవాళ్లు, ఇటుక బట్టీల వాళ్లు, హోటళ్ల వాళ్లు కొంటారు. మీరు డబ్బిచ్చి కొట్టించకండి, కట్టెల వ్యాపారితో మాట్లాడండి. చేతి మందం దాటిన మానులు ఉంటే అతనే మనుషులను తెచ్చి కొట్టుకుని మీకు ఎదురు డబ్బిస్తాడు. సన్న కంపే ఉంటే ఉచితంగా కొట్టుకుపోతాడు. ఒప్పందం కాగితం మీద రాసుకోండి. రెండు షరతులు తప్పకుండా పెట్టండి. ఏ చెట్లకు మీరు సున్నం గుర్తు పెట్టారో వాటిని ముట్టుకోకూడదు. ముళ్ల మండలను పొలమంతా చల్లిపోకుండా మీరు చూపించిన చోట కుప్ప వేయాలి. రెండోది రాయకపోతే ట్రాక్టరు టైర్లు, మీ అరికాళ్లు రెండూ పోతాయి.

అసలు విషయం మోడు. సీమతుమ్మను నేల మట్టానికి కొడితే చావదు. దాని చిగురు కళ్లు నేల కింద, కాండం వేరుగా మారే చోట ఉంటాయి. పైన ఒక మాను కొడితే అక్కడి నుంచి పది వస్తాయి. కనుక మోడు చుట్టూ మట్టి తీసి, జానెడు లోతు దాటి, ఆ గడ్డలాంటి భాగం కిందుగా నరకాలి. అంతకంటే కిందున్న వేరు నేలలో ఉన్నా ఫరవాలేదు, అది చిగురించదు. ఎండిన నేలలో ఈ పని నరకం. గడ్డపార వేస్తే ఖంగుమని తిరిగి వస్తుంది. ఒక మంచి వాన పడి రెండు రోజులు ఆగాక చేస్తే అదే గడ్డపార వెన్నలోకి దిగినట్లు దిగుతుంది. చేతి మందం మోడుకు ఒక మనిషికి ఇరవై నిమిషాలు. నడుము మందం మోళ్లకు మాత్రం యంత్రం పెట్టండి. వాటిని చేత్తో తీయడం మనిషిని చంపుకోవడమే. కూలీల చేత అలాంటి పని చేయించకండి.

ఒక్కసారితో అయిపోదు. నేలలో విత్తనాలు ఏళ్ల తరబడి బతికే ఉంటాయి. మూడేళ్లపాటు ప్రతి వాన తర్వాత పొలంలో తిరుగుతూ వేలెడు మొక్కలను చేత్తో పీకాలి. అప్పుడు పీకితే వేరుతో సహా వస్తుంది. అందుకే మీరు మూడేళ్లు చూసుకోగలిగినంత నేలనే ఇప్పుడు తీయండి. మూడెకరాలు ఒకేసారి తెరిచి వదిలేస్తే మూడేళ్లకు ఇప్పటికంటే దట్టంగా ఉంటుంది.

నీటిజాడ (పుత్తూరు) · ఫిబ్రవరి 25

చింతమాను గారి చివరి మాట కింద నా సంతకం కూడా వేయండి.

ఇరాల_తోట అన్నా, మీ మాటకు ఎదురు చెప్తున్నందుకు ఏమీ అనుకోకండి. 2021లో నేను కూడా మీలాగే వేసవిలో రెండెకరాలు యంత్రంతో నున్నగా చేయించాను. చూడటానికి చాలా బాగుంది. ఆ నవంబరులో వానలు ఎలా కురిశాయో మీకూ గుర్తుండే ఉంటుంది. స్వర్ణముఖి వంతెనల మీద పారింది. రాయలచెరువు కట్ట తెగుతుందేమోనని చుట్టుపక్కల ఊళ్లను ఖాళీ చేయించారు. నా పొలంలో ఆ మూడు రోజుల్లో జానెడు మట్టి లేచిపోయింది. మిగిలింది గరప, గులకరాళ్లు. అక్కడ నాలుగేళ్లుగా ఎరువు తోలుతూనే ఉన్నాను. ఈ రోజుకీ పక్క చేనులో పండే వేరుశనగలో సగం కూడా పండదు.

మన ఎర్ర ఇసుక నేలల్లో సారం అంతా పైన ఉన్న ఆ జానెడులోనే ఉంది. యంత్రం మోళ్లతోపాటు దాన్నీ గీకి గట్టు మీద కుప్ప పోస్తుంది. తర్వాత మనం కొని తెచ్చి వేసే ఎరువు ఆ గట్టుకు పోయిన మట్టికి సాటి రాదు.

కొత్తనేల గారూ, మన జిల్లాలో ఏడాదికి సుమారు 900 మిల్లీమీటర్ల వాన పడుతుంది. ఒక ఎకరా మీద పడే నీరే 36 లక్షల లీటర్లు. మీకు బోరు లేదని దిగులు పడకండి. ఈ మండలాల్లో వెయ్యి అడుగులు దింపినా దుమ్ము లేచిన బోర్లు ఊరికి పది ఉన్నాయి. మీ 2,40,000 బోరులో పోస్తే ఒక్క పూటలో అయిపోతాయి. ముందు వాన నీటిని నిలబెట్టుకోండి. దానికి ఒకటే ఉపాయం. మొదటి పెద్ద వాన కురుస్తుండగా మీరు పొలంలో ఉండాలి.

ఇరాల_తోట · ఫిబ్రవరి 25

నీటిజాడ తమ్ముడూ, కోపం ఏమీ లేదు. నా నేల సమతలంగా ఉంది, నాకు ఆ ఇబ్బంది రాలేదు. వాళ్లది కొండ పాదం అన్న సంగతి నేను సరిగా ఆలోచించలేదు. నా మాట వెనక్కి తీసుకుంటున్నాను. అయినా కూలీల విషయంలో నేను చెప్పింది నిజమే. ఉగాది తర్వాత మామిడి కోతలు మొదలైతే మనిషి దొరకడు. కట్టెల పని ఆలోపే చేయించుకోండి.

ఇంకొకటి, అందరూ పెట్టారని మూడెకరాలూ తోతాపురి పెట్టకండి. 2025 వేసవిలో ఏమైందో చూశాం. ఫ్యాక్టరీల ముందు ట్రాక్టర్లు రోజుల తరబడి నిలబడ్డాయి. ఫ్యాక్టరీలు కిలోకు 8 రూపాయలు ఇస్తే ప్రభుత్వం 4 రూపాయలు కలుపుతామని ప్రకటించవలసి వచ్చింది. నేను చెట్టు మీదే కాయలు వదిలేశాను.

మందకాపరి · ఫిబ్రవరి 26

కంప తీశాక పొలంలో గొర్రెల మంద కట్టించండి. రాత్రికి రెండు వందల గొర్రెలు పడుకుంటే ట్రాక్టరు ఎరువు కంటే మేలు.

చింతమాను · ఫిబ్రవరి 26

మంద మంచిదే, కానీ వేసవిలో వద్దు. ఎండాకాలంలో సీమతుమ్మ కాయలు పండి రాలతాయి. గొర్రెలు వాటిని ఇష్టంగా తింటాయి. గింజ అరగదు. పెంటికలో పడి ఎరువుతో సహా మీ పొలంలో మొలుస్తుంది. మా అన్న పొలంలో మంద కట్టిన చోట వరుసలు వరుసలుగా మొలిచింది.

మందకాపరి · ఫిబ్రవరి 26

అది నిజమే. మా నాన్న కూడా ఆ కాలంలో మందను వారం రోజులు బీడులో తిప్పి కడుపు ఖాళీ అయ్యాకే చేనులోకి తోలేవాడు. వానాకాలం వెళ్లాక కట్టించండి. మంద యజమాని అంతకుముందు వారం ఎక్కడ మేపాడో అడగండి.

పల్లెనర్సు · ఫిబ్రవరి 28

ఎవరూ పాముల మాట ఎత్తలేదు. కంప కొట్టే పనిలో కాటుకు గురైనవాళ్లను నా ఉద్యోగంలో చాలామందిని చూశాను. మీ ప్రాంతంలో రక్తపింజరి ఎక్కువ. ఎండుటాకుల్లో కలిసిపోతుంది, అడుగుల చప్పుడుకు పక్కకు తొలగదు. కుప్ప మీద చెయ్యి పెట్టే ముందు పొడవాటి కర్రతో కదిలించాలి. మోకాలి దాకా బూట్లు మీరు వేసుకుంటే చాలదు, కూలీలకూ కొనివ్వండి. నాలుగు జతలకు అయ్యే డబ్బు మీ ఖర్చుల్లో ముందు రాయండి.

కాటు పడితే కట్టు బిగించవద్దు, కోయవద్దు, నోటితో పీల్చవద్దు. కాలు కదలకుండా పడుకోబెట్టి 108కి ఫోను చేయండి. తిరుపతిలో రుయా ఆసుపత్రి ఉంది. పసరు మందు అని గంట ఆలస్యం చేసి, తెచ్చేసరికి చిగుళ్ల నుంచి రక్తం కారుతున్న ఒక పిల్లవాడిని నేను మరచిపోలేను. పొలంలో ఫోను సిగ్నల్ ఎక్కడ అందుతుందో మొదటి రోజే చూసుకుని ఆ చోటు అందరికీ చెప్పండి.

కొత్తనేల · ఏప్రిల్ 6

నర్సమ్మా, బూట్లు ఆరు జతలు కొన్నాం. సిగ్నల్ రెండో చింతమాను కింద మాత్రమే అందుతోంది.

కట్టెల వ్యాపారి 18,000 ఇచ్చాడు. ముందున్న ఎకరంన్నరలోనే కొట్టించాం. మిగతా సగం ఈ ఏడాది ముట్టుకోం. సున్నం గుర్తు పెట్టిన చెట్లు ముప్పై నాలుగు. వాటిలో ఒక్క కానుగ మాత్రం పొరపాటున పోయింది. ఏడు రాళ్ల గురించి ఊళ్లో అడిగాం. అక్కదేవతలట. కొన్నవాళ్లు ఆ దారి మూసేస్తారేమోనని ఊరివాళ్లు నెల రోజులుగా మాట్లాడుకుంటున్నారట. ఆ మాట మాకు ఎవరూ చెప్పలేదు. మా అత్తగారు వెళ్లి పొంగలి పెట్టి వచ్చారు. వేపచెట్టు దాకా ఆరడుగుల దారి వదిలి కంచె వేస్తామని చెప్పాం. ఆ మరునాటి నుంచి పనికి మనుషులు వాళ్లంతట వాళ్లే వచ్చారు.

ముళ్ల మండలు కొండలా పేరుకున్నాయి. తగలబెట్టమంటున్నారు అందరూ. ఏమి చేయాలి?

శేషాచలం_నీడ · ఏప్రిల్ 6

వద్దు వద్దు. ఏప్రిల్‌లో కొండ పాదంలో నిప్పు పెట్టకండి. పడమటి గాలి ఒక్కసారి తిరిగితే నిప్పు మీ హద్దు రాతి కుప్ప దగ్గర ఆగదు, అడవిలోకి ఎక్కుతుంది.

నీటిజాడ · ఏప్రిల్ 6

తగలబెట్టడం ఎందుకు, ఆ మండలే మీ మొదటి కట్ట. వాలుకు అడ్డంగా వరుసలుగా వేసి మీద రాళ్లు పెట్టండి. వానకు కొట్టుకొచ్చే మట్టి, ఆకు అక్కడ ఆగుతుంది. వాలుకు అడ్డం అంటే కంటితో చూసి వేయకండి, కన్ను మోసం చేస్తుంది. మేస్త్రీలు ఇంటి పునాదికి వాడే నీటి గొట్టం ఉంటుంది కదా, పలచటి ప్లాస్టిక్ గొట్టంలో నీళ్లు నింపి రెండు కొసల్లో నీటి మట్టం సమానంగా వచ్చే చోటల్లా పుల్ల గుచ్చుకుంటూ పోండి. ఇద్దరు మనుషులకు ఒక పూట పని. ఖర్చు గొట్టానిదే. మిగిలిన మండలు పశువులు వచ్చే వైపు కంచెగా వేయండి.

కుప్పం_మిట్ట · ఏప్రిల్ 8

కంచె మాట వచ్చింది కాబట్టి చెప్తున్నాను. అడవిపందులకు భయపడి ఎవరైనా కంచెకు నేరుగా కరెంటు ఇవ్వమని సలహా చెప్తే వినకండి. మా వైపు, కౌండిన్య అడవి చుట్టూ, అలాంటి తీగలకు ఏనుగులు చచ్చిపోయాయి, మనుషులూ చచ్చిపోయారు. అది నేరం కూడా. సోలారు కంచె వేరు. అది క్షణం క్షణం చిన్న దెబ్బ కొట్టి వదులుతుంది, చంపదు. ఏనుగులు ఇప్పుడు పులిచెర్ల, చంద్రగిరి వైపు కూడా దిగుతున్నాయి. 2025 మేలో కర్ణాటక నుంచి వచ్చిన కుంకీ ఏనుగులను (అడవి ఏనుగులను తరమడానికి శిక్షణ ఇచ్చినవి) పలమనేరు దగ్గర ముసలిమడుగులో ఉంచారు. అయినా రాత్రి కాపలా మానుకోలేం. కొండవైపు అరటి, చెరకు, పనస పెట్టకండి. ఆ వాసనకే వస్తాయి.

కొత్తనేల · జూన్ 19

ఆ వాన వచ్చింది!

సాయంత్రం నాలుగింటికి పాకాల వైపు ఆకాశం నల్లబడటం చూసి ఇద్దరం బండి మీద బయలుదేరాం. చేరేసరికి చినుకులు మొదలయ్యాయి. గంటంపావు కురిసింది. గొడుగులు గాలికి నిలవలేదు, తడిసిపోయాం. మా ఆయన చేతిలో కానుగ పుల్లల కట్ట, నా చేతిలో ఒక రాయి. నీళ్లు ఎక్కడ పారితే అక్కడ పుల్ల గుచ్చుకుంటూ నడిచాం. మేము అనుకున్న వంకలోకి నీళ్లు సగమే వచ్చాయి. మిగతా సగం ఎక్కడో తెలుసా? జేసీబీ ఆయన ఇల్లు కట్టుకోండని చూపించిన చోటి మధ్య నుంచి, ఎర్రగా, చీలమండ లోతున పారింది. ఎండలో చూస్తే అక్కడ పల్లం ఉన్నట్లే తెలియదు. పుల్లల మధ్య నిలబడి వెనక్కి చూస్తే నీళ్లు తమ దారి తామే గీసి చూపించినట్లు ఉంది.

మండల కట్టలు మూడింటిలో రెండు నిలిచాయి. వాటి వెనక తెల్లవారేసరికి బెత్తెడు మెత్తటి మట్టి, ఆకులు. మూడోది మేము కంటితో చూసి వేసింది. అది తెగింది.

రెండు రోజులు ఆగి మోళ్లు తీయించాం. చింతమాను గారూ, వెన్నలోకి దిగినట్లు అన్నారు, ఎంత నిజం! మట్టి తీస్తే గడ్డ మీద చిన్న చిన్న ఎర్రటి మొటిమల్లాంటి కళ్లు కనిపించాయి. అవే చిగుళ్లని మా పనివాళ్లలో పెద్దాయన చూపించారు. దాని కిందుగా నరికించాం. పెద్ద మోళ్లకు మాత్రం యంత్రం పెట్టాం. గీకకుండా ఒక్కొక్క మోడు దగ్గరే గుంట తీసి పెకలించమని చెప్పి పక్కనే నిలబడ్డాం.

ఖర్చు అడిగినవాళ్ల కోసం రాస్తున్నాను. సర్వే, హద్దు రాళ్లకు 14,000. కూలి 46 రోజులకు 23,000. మోళ్లకు యంత్రం 11 గంటలు, గంటకు 1,300 చొప్పున 14,300. నీళ్లు పారిన పల్లంలో కుంట, మొక్కల గుంతలకు 8 గంటలు, 10,400. దారి వైపు కంచెకు 64 రాతి స్తంభాలు 22,400, ముళ్ల తీగ 5,600, పాతడానికి 6,000. కట్టెల డబ్బు తీసేస్తే 77,700 అయింది. బూట్లు, పెట్రోలు ఇందులో కలపలేదు.

నీటిజాడ · జూన్ 19

మీరు పెట్టిన ఆ పుల్లల ఫొటో చూసి ఇంట్లో వాళ్లందరికీ చూపించాను. కుంట కొలత ఎంత?

కొత్తనేల · జూన్ 19

పైన పది మీటర్ల చదరం, అడుగున ఆరు, లోతు రెండు మీటర్లు.

నీటిజాడ · జూన్ 19

నిండితే 1,30,000 లీటర్లు. ఇసుక నేల కాబట్టి మొదటి ఏడాది ఇంకిపోతుంది, బాధపడకండి. అది మీ కింది చెట్ల వేళ్లకే పోతుంది. నీళ్లు లోపలికి వచ్చే చోట రాళ్లు పరిచి చిన్న గుంట పెట్టండి, ఒండ్రు అక్కడ ఆగుతుంది. పొంగిపోయే దారి మాత్రం వంకలోకే తీయండి. తవ్విన మట్టిలో పై జానెడును వేరుగా పోయించారు కదా?

కొత్తనేల · జూన్ 20

వేరుగానే పోయించాం. ఆ మట్టినే మొక్కల గుంతల్లో వాడతాం. కంప తీసిన ఎకరంన్నరలో మిగతా చోట ఉలవలు, జనుము, పిల్లిపెసర కలిపి చల్లాం. నేల ఖాళీగా ఉంచవద్దని తిరుపతి వ్యవసాయ పరిశోధనా స్థానంలో చెప్పారు. మట్టి పరీక్షకు కూడా ఇచ్చాం.

గొలుసుకొలత · జూన్ 21

హద్దు రాళ్ల ఫొటోలు నాలుగు దిక్కుల నుంచీ తీసి, సర్వే పటం నకలుతో కలిపి ఒక కవరులో పెట్టండి. రాయి పక్కనే ఒక్కొక్క గచ్చకాయ మొక్క నాటండి. రాయిని కదిలించేవాడు గచ్చపొదను కదిలించడానికి వెనకాడతాడు.

కొత్తనేల · ఆగస్టు 3

ఉలవలు మోకాలి కిందికి వచ్చాయి. సీమతుమ్మ పిల్లలు ప్రతి ఆదివారం పీకుతున్నాం. మొదటి వారం నాలుగు గోతాలు, ఈ వారం ఒక గోతం. తీసిన మోళ్లలో పద్నాలుగు మళ్లీ చిగురించాయి, అన్నీ మేము తొందరపడి పైన నరికినవే. ఎర్రచందనం మొక్కలు నాలుగూ బతికే ఉన్నాయి. అటవీ శాఖ వాళ్లు వచ్చి చూసి రాసుకుని వెళ్లారు.

గుంతలు నలభై సిద్ధంగా ఉన్నాయి. పదిహేను మామిడి, పది సీతాఫలం, ఎనిమిది ఉసిరి, ఏడు చింత అనుకున్నాం. మామిడి మొక్కలు నర్సరీలో అంటు కట్టినవి కొనాలా?

ఇరాల_తోట · ఆగస్టు 3

కొనకండి అమ్మా. నాటు మామిడి టెంకలు పాతి సంచుల్లో ముప్పై మొలకలు పెంచాను. నీళ్లు తక్కువ ఉన్న నేలలో నాటు మొలకను ముందు నాటి, అది వేరు దింపుకున్నాక అక్కడే అంటు కట్టించడం మేలు. తల్లివేరు తెగదు, ఎండకు తట్టుకుంటుంది. అంటు కట్టే మనిషి మా ఊళ్లోనే ఉన్నాడు, వచ్చే ఏడాది నేనే వెంటబెట్టుకుని వస్తాను. నాలుగు రకాల కొమ్మలు తెస్తాం, ఒక్క తోతాపురి మీద ఆధారపడవద్దు. మొలకలకు డబ్బు వద్దు. ఒకటి ఆ అక్కదేవతల దారి పక్కన నాటండి.

కొత్తనేల · ఆగస్టు 3

అన్నా, ఆదివారం ఉదయం ఏడు గంటలకల్లా మీ తోటకు వస్తాం. మొలకలు నలగకుండా అడుగున పరచడానికి ఉలవ తీగలు తెస్తాం. పదహారు గుంతలకు తగ్గట్టు పదహారు మొలకలు చాలు. పదహారో గుంత ఈ సాయంత్రమే మా అత్తగారు వేపచెట్టు పక్కన తవ్వించారు.